2023లో అమెరికాలో కంట్రీ పాటలు (అక్కడి పల్లె జానపదాల నుంచి ఎదిగిన శైలి) ఒక్కసారిగా అంత హిట్ ఎలా అయ్యాయి?

ముఖ్య కారణం స్ట్రీమింగ్. అంతకుముందు చాలాకాలం కంట్రీ సంగీతానికి రేడియోయే ఆధారం. అమెరికాలో వారం వారం టాప్ 100 పాటల్ని చూపే చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100 మాత్రం రేడియోతో పాటు స్ట్రీమింగ్, అమ్మకాలు కూడా లెక్కేస్తుంది. కుర్రకారు కంట్రీ పాటలను ఫోన్లలో వినడం మొదలయ్యాక, ఆ అభిమానం అందరూ చూసే చార్టులోకి ఎక్కింది.

మోర్గన్ వాలెన్ పాడిన ‘లాస్ట్ నైట్’ ఆ ఏడాది హాట్ 100లో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆగస్టు మొదట్లో అయితే మొదటి మూడు స్థానాలూ కంట్రీ పాటలవే, ఆ చార్టు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. అదే నెలలో, అంతవరకూ ఏ చార్టులోనూ పేరు లేని ఆలివర్ ఆంథొనీ పాట నేరుగా మొదటి స్థానంలో దిగింది. వెనక పెద్ద కంపెనీ లేదు, ఆన్‌లైన్‌లో పాకిన ఒక్క వీడియో తప్ప.

నా మనసుకు బాగా పట్టింది మాత్రం ‘ఫాస్ట్ కార్’. ట్రేసీ చాప్‌మన్ 1988లో రాసి పాడిన ఈ పాటను కంట్రీ గాయకుడు ల్యూక్ కోంబ్స్ మళ్లీ పాడారు. హాట్ 100లో రెండో స్థానం దాకా వెళ్లింది, రేడియోలో వేసే కంట్రీ పాటల చార్టు ‘కంట్రీ ఎయిర్‌ప్లే’లో మొదటి స్థానానికి చేరింది. ఒంటరిగా రాసిన పాటతో ఆ చార్టు శిఖరం అందుకున్న మొదటి నల్లజాతి మహిళ చాప్‌మన్. ఆ ఏడాదే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు కూడా ఆమెకే ఇచ్చింది. పాట పుట్టిన 35 ఏళ్లకు!