సమాధానం: బొమ్మ అడుగున రంధ్రం, ముద్ర మీద గీత

సుధ గారూ, మీ అత్తగారు ఇంగ్లండ్ నుంచి తెచ్చిన రాయల్ డౌల్టన్ కంపెనీ పింగాణీ బొమ్మకి అడుగున రంధ్రం, అక్కడే ఉన్న కంపెనీ ముద్ర మీద అడ్డగీత ఉన్నాయి, నకిలీదా అని అడిగారు.

రంధ్రానికి టెన్షన్ పడకండి. ఈ బొమ్మలు లోపల డొల్ల. జారుగా కలిపిన మట్టిని ప్లాస్టర్ అచ్చుల్లో పోసి తల, చేతులు, మొండెం విడివిడిగా తీస్తారు. ఆ జారు మట్టితోనే అతికిస్తారు. కాల్చేటప్పుడు లోపలి వేడిగాలి పోవడానికే ఆ రంధ్రం.

గీత సంగతి వేరు. గోటితో గీరి చూడండి. మెరుపు పూతని కోసుకుంటూ పోయి గోటికి తగులుతుంటే, అది ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన గుర్తే. ఏదో చిన్న లోపమున్న సరుకు, అంటే 'సెకండ్స్'. అసలుదే, కాకపోతే ధర తక్కువ పలుకుతుంది. అమ్మే ఉద్దేశం లేకపోతే దాని గురించి ఆలోచించడం కూడా అనవసరమని నా అభిప్రాయం.

ముద్ర పక్కన హెచ్ఎన్ అని నంబర్ ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీలో రంగుల విభాగం చూసుకున్న హ్యారీ నిక్సన్ పేరు మీద 1913లో మొదలైన వరస అది. నంబర్‌ని బట్టి ఏ బొమ్మో తెలుస్తుంది గానీ, మీ చేతిలోది ఏ ఏడాదిదో తెలియదు. ఉదాహరణకి, ఎర్రగౌను వేసుకున్న 'టాప్ ఓ ద హిల్' అనే బొమ్మ (నంబర్ హెచ్ఎన్ 1834) 1937లో వచ్చి దశాబ్దాలపాటు తయారైంది.

కడగడానికి మాత్రం నీళ్లలో ముంచకండి, రంధ్రంలోంచి లోపలికి పోతాయి. మెత్తటి మేకప్ బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. వేళ్ల దగ్గర జాగ్రత్త, ముందు విరిగేవి అవే.