ఊళ్ల మీదుగా వెళ్లే రోడ్డు: వెడల్పు చేయక తప్పదా?

ప్రశ్న: మా గ్రామాల మీదుగా వెళ్లే రెండు వరుసల రోడ్డును నాలుగు వరుసలుగా విస్తరించే ప్రతిపాదన వచ్చింది. ప్రమాదాలు జరుగుతున్న మాట నిజమే. అయితే పాత చెట్లు, రాతి గోడలు, పొలాల మధ్య మలుపులతో ఉన్న ఆ దారి రూపమే చెదిరిపోతుందని చాలామంది బాధపడుతున్నారు. రెండూ కుదిరే మార్గం ఉందా? అభిప్రాయ సేకరణ సభలో ఏం అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: వరుసల సంఖ్య మీద వాదన మొదలుపెట్టే ముందు, ఆ రోడ్డును ఎంత వేగానికి రూపొందిస్తున్నారో అడగండి. మీరు కాపాడుకోవాలనుకుంటున్నవి చాలావరకు ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగానికైతే, అడ్డంకి కనిపించాక బండి ఆగేందుకు వీలుగా డ్రైవరుకు ముందున్న దారి సుమారు 180 మీటర్ల మేర కనబడాలి; 80 కిలోమీటర్లకైతే 120 నుంచి 130 మీటర్లు సరిపోతాయి. ఆ అదనపు చూపు కోసమే మలుపులు సాగదీస్తారు, మిట్టలు తవ్వేస్తారు, మలుపు లోపలి వైపున్న చెట్లనూ గోడలనూ తొలగిస్తారు. పైగా రోడ్డు తిన్నగా, వెడల్పుగా కనిపిస్తే, బోర్డు మీద ఏం రాసి ఉన్నా వాహనాల వేగం పెరుగుతుంది.

తర్వాత అడగవలసినది ప్రమాదాల వివరం: ఎక్కడ, ఏ రకంగా జరిగాయి? కూడళ్లలో మలుపు తిరిగేటప్పుడు జరుగుతుంటే, మొత్తం రోడ్డును వెడల్పు చేయకుండా ఆ కూడలి దగ్గరే మలుపు తిరిగే బళ్లకు విడిగా ఒక వరుసో, రౌండ్‌అబౌటో (వాహనాలు చుట్టూ తిరిగి వెళ్లే గుండ్రటి కూడలి) కట్టవచ్చు. వాహనాలు రోడ్డు దిగిపోయి ప్రమాదాలు జరుగుతుంటే, అంచులను గట్టిపరచడం మంచి మందు. ఎదురెదురుగా ఢీకొంటున్నప్పుడు స్వీడన్ పద్ధతిని పరిశీలించవచ్చు. అక్కడ 1990ల చివర్లో 13 మీటర్ల వెడల్పున్న పాత రోడ్లనే మూడు వరుసలుగా మార్చి, మధ్యలో ఉక్కు తీగల డివైడర్ పెట్టి, ముందున్న బండిని దాటే వరుసను కొంత దూరం ఒక దిశకు, కొంత దూరం రెండో దిశకు ఇచ్చారు. మరణాలు బాగా తగ్గాయి. కాకపోతే పొలాల్లోకి అడుగడుగునా దారులున్న చోట ఆ డివైడర్ రైతులకు ఇబ్బందే.

చెట్ల విషయంలో ఒక మాట నిష్ఠూరమైనా చెప్పాలి. మలుపు బయటి వైపు, రోడ్డుకు ఆనుకుని ఉన్న పెద్ద మాను అదుపు తప్పిన వాహనానికి ప్రాణాంతకమే. అన్ని చెట్లూ ఉండాలని పట్టుబట్టడం కన్నా ఏవి ఉండాలో, ఏ చోట రక్షణ కమ్మీ పెట్టాలో ఒక్కొక్కటిగా తేల్చుకోవడం మేలు.

రెండూ కుదిరిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్, పారిస్ పట్టణాల మధ్య, గుర్రాల పెంపకపు క్షేత్రాల గుండా సాగే పారిస్ పైక్ అనే రోడ్డు విస్తరణ 1979లో కోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. చివరికి నాలుగు వరుసలు వచ్చాయి, కానీ రెండు దిశల దారులనూ విడదీసి నేల వాలును అనుసరించి వేశారు. కదిలించక తప్పని రాతి గోడలను మళ్లీ పేర్చారు. దాంతోపాటే రోడ్డుకు ఇరువైపులా భూముల వినియోగానికి ప్రణాళిక కూడా తయారైంది. నా దృష్టిలో ఇదే అసలు కీలకం. తారు పని ఎంత సున్నితంగా చేసినా, ఆ తర్వాత పొలాలు ప్లాట్లుగా మారి ప్రతి ప్లాటుకూ ఒక దారి తెరుచుకుంటే, పల్లె రూపమూ భద్రతా రెండూ పోతాయి. కాబట్టి కొత్త ప్రవేశ దారుల మీద నియంత్రణ విస్తరణతోపాటే రావాలి.

కాంక్రీటు కాలువలకు బదులు గడ్డి పెరిగే పల్లపు కాలువలు, కూడళ్ల వద్ద మాత్రమే దీపాలు – ఇవి చిన్న కోరికలే, పట్టుబట్టి అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, నమూనాను ఆమోదించకముందే రోడ్డు హద్దులను నేల మీద మేకులతో గుర్తించమనండి, తొలగించబోయే ప్రతి చెట్టుకూ ముందుగానే రంగు వేయించమనండి. కాగితం మీద గీతలు చూసి ఊరుకున్నవారు కూడా అప్పుడు నోరు విప్పుతారు.