స్లీవా, బైపాసా? ముందు ఎండోస్కోపీ రిపోర్టు తీయండి

బరువు తగ్గించే ఆపరేషన్ల మీద వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. వాటిలో కొన్నింటికి జవాబులు.

ప్ర: నా వయసు 38. ఎత్తు 158 సెం.మీ., బరువు 96 కిలోలు. ఆరేళ్లుగా షుగరు ఉంది; మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. గుండెల్లో మంటకు నాలుగేళ్లుగా రోజూ పరగడుపున పాంటోప్రజోల్ పడాల్సిందే. ఒక ఆసుపత్రిలో స్లీవ్ అన్నారు, ఇంకోచోట మినీ బైపాస్ అన్నారు. ఏది మేలు డాక్టర్ గారూ?
– ఒక గృహిణి, ఏలూరు

జ: మీ ఉత్తరంలో కీలకం బరువు దగ్గర లేదమ్మా, ఆ పాంటోప్రజోల్ దగ్గర ఉంది. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గట్టు బరువును లెక్కగట్టే కొలత) 38.5. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఆసియా వాళ్లకు పెట్టిన హద్దు 27.5. కాబట్టి అర్హత గురించి పేచీ లేదు. ఏ ఆపరేషన్ అన్నదే ప్రశ్న.

స్లీవ్‌లో పొట్టను నిలువునా స్టేప్లర్‌తో కోసి 75–80 శాతం బయటికి తీసేస్తారు. నోటి గుండా 12–13 మి.మీ. మందం గొట్టం దించి, దాన్ని ఆనుకునే కోస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి సంచి. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన పైభాగంలోనే, అందుకే ఆకలీ తగ్గుతుంది. పేగు జోలికి వెళ్లరు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ సంచి సన్నబడింది, దాని అడుగున ఉన్న కవాటం మాత్రం ఎప్పటిలాగే బిగువుగా ఉంది. దాంతో లోపల ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తంతుంది. ఫిన్లాండ్‌లో పదేళ్లపాటు రోగులను గమనించిన స్లీవ్‌పాస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. అన్నవాహికలో ఆమ్లం వల్ల వచ్చే వాపు, పుండ్లు స్లీవ్ వాళ్లలో 31 శాతానికి, బైపాస్ వాళ్లలో 7 శాతానికి కనిపించాయి. ఇప్పటికే మంట ఉన్న మీకు స్లీవ్ చేయడమంటే తెలిసి తెలిసి దాన్ని పెంచుకోవడమే.

అసలు బైపాస్‌లో, అంటే రూ-ఎన్-వైలో, పొట్ట పైన 30 మి.లీ. సంచి ఒకటి విడదీస్తారు. రెండు పెద్ద చెంచాల నీళ్లు పట్టేంత, అంతే. చిన్నపేగును తెంచి కింది కొసను ఆ సంచికి కుడతారు. పైత్యరసం మోసుకొచ్చే రెండో కొసను ఇంకో 100–150 సెం.మీ. దిగువన కలుపుతారు. పైత్యం అంత కిందికి పోయాక ఇక పైకి రావడం అరుదు, ఆమ్లం తయారయ్యే పొట్ట కూడా దారిలో ఉండదు. మంట తగ్గేది అందుకే. షుగరుకూ ఇదే మెరుగు: తిన్నది చిన్నపేగు చివరి భాగానికి త్వరగా చేరడంతో ఇన్సులిన్‌ను ఊరించే జీఎల్‌పీ-1 అనే హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది. ఆరేళ్లే అయింది, ఇన్సులిన్ దాకా వెళ్లలేదు. మందులు మానేసే అవకాశం మీకు బాగానే ఉంది.

మినీ బైపాస్‌లో సంచి పొడవుగా ఉంటుంది, పేగును తెంచకుండా 150–200 సెం.మీ. దిగువన ఒకే చోట అతుకుతారు. అతుకు ఒక్కటే కాబట్టి ఆపరేషన్ తొందరగా అయిపోతుంది. బరువూ షుగరూ బాగా తగ్గుతాయి. ఇబ్బందల్లా పైత్యం ఆ సంచి మూతి దగ్గరినుంచే పారడం. కొందరిలో అది ఎగదన్నుతుంది, దానికి పాంటోప్రజోల్ పనిచేయదు. చివరికి మళ్లీ కోసి రూ-ఎన్-వైగా మార్చాల్సి రావచ్చు.

నా ఓటు రూ-ఎన్-వైకే. అయితే ముందు ఎండోస్కోపీ చేయించండి. రిపోర్టులో మూడు చూడాలి: హయటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) ఉందా, అన్నవాహికలో వాపు ఏ గ్రేడ్ (ఎ నుంచి డి దాకా ఉంటాయి), హెలికోబాక్టర్ బ్యాక్టీరియా ఉందా. బ్యాక్టీరియా ఉంటే ముందు మందులతో పోగొట్టాకే ఆపరేషన్. ఎండోస్కోపీ అడక్కుండానే స్లీవ్‌కు తేదీ ఇచ్చే చోట తొందరపడి సంతకం పెట్టకండి.

సర్జన్‌ను ఇంకొకటి అడగండి: ‘పేగు మడతల మధ్య ఖాళీలను కుట్టేస్తారా?’ బరువు తగ్గి లోపలి కొవ్వు కరిగేకొద్దీ ఆ ఖాళీలు పెద్దవై పేగు అందులో ఇరుక్కుంటుంది. నెలలకో ఏళ్లకో తిన్నాక మెలిపెట్టే నొప్పి వస్తే గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు, సీటీ స్కాన్ కావాలి. గ్లిమిపిరైడ్ సంగతీ మాట్లాడుకోండి. ఆపరేషన్ అయిన మర్నాటినుంచే తిండి పడిపోతుంది; పాత మోతాదు వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా దిగిపోతుంది. మీరు వాడట్లేదు గానీ, డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్రలు వాడేవాళ్లు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి.

ప్ర: మా నాన్నగారికి 57 ఏళ్లు, బీఎంఐ 41. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లేకుండా రోజు గడవదు. రోజుకు పది బీడీలు కాలుస్తారు. గుండెల్లో మంట లేదు. బైపాసే గొప్పదని బంధువులు అంటున్నారు.
– శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు

జ: ఈయనకు లెక్క తిరగబడుతుంది. బైపాస్‌లో పేగును సంచికి కుట్టిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. దాన్ని రేపే వాటిలో ముందు వరసలో ఉండేవి రెండే: పొగ, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రలు. ఈయన రెండూ వదలట్లేదు. ఆ పుండు రక్తం కారొచ్చు, చిల్లు పడొచ్చు. పైగా విడదీసిన పాత పొట్టలోకి మామూలు ఎండోస్కోపీ గొట్టం చేరదు. అక్కడేం జరుగుతోందో చూడటం కష్టం. స్లీవే నయం. అయినా ఆరు వారాల ముందు బీడీ పూర్తిగా మానేస్తేనే. పొగతాగేవాళ్లకు కోసిన గీత మానదు, ఊపిరితిత్తుల్లో కఫం పడుతుంది. మోకాళ్లకు పారాసెటమాల్‌తో సర్దుకోవాలి. 20 కిలోలు తగ్గితే మోకాలి బరువు ఎంత దిగుతుందో ఆయనకే తెలుస్తుంది లెండి.

ప్ర: కోత లేకుండా బెలూన్ చాలదా? – కరీంనగర్

జ: పొట్టలోకి దించి ఉబ్బించే ఈ బెలూన్‌ను చాలా రకాల్లో ఆరు నెలలకు తీసేస్తారు. తీశాక బరువు తిరిగి రావడమే ఎక్కువ. బరువు మరీ ఎక్కువై మత్తు ఇవ్వడానికే భయపడాల్సిన వాళ్లను ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికి పనికొస్తుంది. పొట్ట పైభాగం చుట్టూ బిగించే బ్యాండ్ గురించి అడక్కుండానే చెబుతున్నా: జారుతుంది, పొట్టలోకి తొలుచుకుపోతుంది. ఇప్పుడు దాదాపు ఎవరూ వేయడం లేదు.

ప్ర: ఇన్సూరెన్స్ వస్తుందా? – హైదరాబాద్

జ: డాక్టరు గీత వేరు, పాలసీ గీత వేరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో పెట్టిన ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండాలి. బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి అదుపులోకి రాని షుగరు, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉండాలి. మామూలు పద్ధతులు ఫలించలేదని చూపాలి. కాబట్టి డైటీషియన్ చీటీలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టులు తేదీలవారీగా దాచండి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతో కూడా చూసుకోండి.

ప్ర: మా ఆవిడకు స్లీవ్ చేసి ఐదు వారాలైంది. పది రోజులుగా ఇడ్లీ తిన్నా వాంతి. నిన్నటినుంచి నీళ్లూ నిలవడం లేదు. పాదాలు తిమ్మిరి అంటోంది. – గుంటూరు

జ: ఈ జవాబు చదవగానే బయలుదేరండి, వీలైతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే. సంచి మలుపు దగ్గర ఇరుకైపోయి ఉండొచ్చు. ఎండోస్కోపీలో చూసి బెలూన్‌తో వెడల్పు చేస్తారు. అంతకన్నా తొందరైనది తిమ్మిరి. వారాల తరబడి వాంతులైతే థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటుతుంది. ఆ స్థితిలో ముందు గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది: చూపు చెదరడం, నడక తూలడం, మతిమరుపు. క్యాజువాల్టీలో అడుగుపెట్టగానే ‘స్లీవ్ అయింది, వాంతులవుతున్నాయి, గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇవ్వండి’ అని చెప్పండి. జ్వరం, నాడి 120 దాటడం, ఎడమ భుజంలో నొప్పి ఉంటే కుట్టు దగ్గర లీకు కావచ్చు. అదీ చెప్పండి.

కుదుటపడ్డాక తినే తీరు మార్చాలి. ఐదో వారంలో పొడి ఇడ్లీ ముద్దలా అడ్డం పడుతుంది. పల్చటి పప్పులోనో సాంబారులోనో పూర్తిగా నానబెట్టి, చిన్న చెంచాతో, ఒక్కో చెంచాకు ఒక నిమిషం ఆగి తినాలి. ఛాతీలో బరువుగా అనిపించగానే ఆపేయాలి, పళ్లెంలో మిగిలిందని తినకూడదు. తిండికి అరగంట ముందూ వెనకా నీళ్లు వద్దు. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డు తెల్లసొన ఒక్కోదానికి మూడున్నర గ్రాములు, 100 గ్రాముల పనీరుకు 18 గ్రాములు వస్తాయి. మజ్జిగ, రాగిజావలతో ఆ లెక్క తేలదు; ప్రొటీన్ పొడి కలపక తప్పదు. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటల ఎడం ఉంచండి.