జ్వరం లేదు, ఆయాసం ఉంది. నాయనను కర్నూలుకు తీసుకుపోవాలా?

అడిగింది ఇదీ: ఆదోని దగ్గర పల్లె, నాయనకు 70 ఏళ్లు, షుగర్ ఉంది. దగ్గు, ఆయాసం, నిన్నటి నుంచి మాట తికమక. జ్వరం 99 దాటలేదు కాబట్టి ఊళ్లో సూదులతో సరిపోతుందా అని. సరిపోదు. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు షుగర్ చూడండి. తిండి మానేసి మాత్రలు మింగుతుంటే షుగర్ పడిపోయి కూడా మాట తడబడుతుంది.

ముసలివాళ్లలో, షుగర్ వాళ్లలో న్యుమోనియా ముదిరినా జ్వరం రాకపోవచ్చు. ఊళ్లో డెక్సా (స్టెరాయిడ్) సూది పడి ఉంటే ఉన్న జ్వరమూ అణిగిపోతుంది. థర్మామీటరు పక్కనపెట్టి ఊపిరి లెక్కపెట్టండి: ఆయనకు చెప్పకుండా, పొట్ట ఎగిసిపడటం చూస్తూ, పూర్తిగా 60 సెకన్లు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది. 30కి చేరితే ప్రమాదం.

వార్డులో ఐదు చూస్తారు: తికమక, రక్తంలో యూరియా 42 దాటడం, ఊపిరి 30 లేదా పైన, బీపీ పై అంకె 90 లోపు లేదా కింది అంకె 60కి దిగడం, వయసు 65 లేదా పైన. ఒక్కోదానికి ఒక మార్కు. మూడు వస్తే తీవ్రం, ఐసీయూ మాట వస్తుంది. షుగర్ బాగుండీ తికమక ఉంటే మీ నాయనకు ఇంట్లోనే రెండు వచ్చేశాయి. ఆక్సిజన్ ఈ లెక్కలో లేదు, విడిగా చూడాలి. వేలు చల్లగా ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ తప్పు చూపిస్తుంది, రుద్ది వెచ్చబరిచి పెట్టండి. 90 కిందికి దిగితే ఆగొద్దు. తెల్లకణాలు పెరిగితే అందరూ కంగారుపడతారు గానీ, 4000 లోపు పడిపోతేనే ఎక్కువ భయం.

ఊళ్లో వేసిన సూదుల ఖాళీ సీసాలు, మాత్రల అట్టలు వెంట తీసుకుపోండి. యాంటీబయోటిక్ ముందే పడితే కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) క్రిమి దొరక్కపోవచ్చు. లీవోఫ్లాక్సాసిన్ అయితే టీబీని కూడా కొన్నాళ్లు కప్పిపెడుతుంది. బేతంచెర్ల వైపు రాళ్ల పనిలో దుమ్ము పీల్చినవాళ్లకైతే తెమడ టీబీ పరీక్ష తప్పనిసరిగా అడగాలి.

మూడు రోజుల మందుకూ తగ్గకపోతే డోసు పెంచమని అడగకండి, ఛాతీకి స్కానింగ్ అడగండి. ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి ఉంటే గొట్టం వేసి తీయాల్సిందే, మందు ఒక్కటే పనిచేయదు. ఎక్స్‌రేలో మచ్చ మాత్రం మనిషి కోలుకున్నాక కూడా వారాల తరబడి ఉంటుంది. ఆరు వారాలకు మళ్లీ తీయించండి, అప్పటికీ పోకపోతే సీటీ అవసరం పడొచ్చు.