చిన్నపిల్లలతో ఆఫ్రికా మాస్కులు మట్టిలో చేయించడం: నా అనుభవం

మీరు అడిగినవి మూడు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలతో వేసవి శిబిరంలో ఆఫ్రికా మాస్కులు మట్టితో చేయించవచ్చా, ఏ మట్టి వాడాలి, ఆరేటప్పుడు పగలకుండా ఏం చేయాలి అని. ఈ వయసు పిల్లలకు చాలాకాలంగా మట్టిపని నేర్పుతున్నానండి, ఈ పాఠం నాకు బాగా ఇష్టం. తప్పకుండా చేయించండి. కాకపోతే మట్టి తెచ్చే ముందే ఒకటి తేల్చుకోవాలి: ఎవరి మాస్కు?

"ఆఫ్రికా మాస్కు" అని వెతికితే యాభైకి పైగా దేశాలున్న ఖండం మొత్తం ఒకే పేజీలో కలగాపులగంగా వచ్చి పడుతుంది. మాలీలో బమనా రైతులు సేద్యానికి సంబంధించిన ఆటలో తలమీద కట్టుకునే చివారా అనే జింకబొమ్మ వేరు. సియెర్రా లియోన్‌లో మెండే ఆడవాళ్లు పెట్టుకునే నున్నటి నల్లటి సోవే అనే మాస్కు వేరు. గోడనిండా ఇలాంటి ఫోటోలు అంటిస్తే పిల్లలు ఏదీ సరిగ్గా చూడరు, అందరూ కోరలున్న ఒకే రకం మొహం చేసేస్తారు. ఒక్కదాన్నే చూపించి, అది ఏ జనానిదో, ఎప్పుడు బయటికి తీస్తారో చెప్పండి. అప్పుడు చూపు నిలుస్తుంది.

రెండో సంగతి, మనం ఫోటోల్లో చూసే మాస్కుల్లో చాలావరకు చెక్కతో చేసినవి. సన్నటి కొమ్ములు, పొడుగు పలకలు చెక్కలో నిలబడతాయి, పిల్లల చేతుల్లో మట్టికి అవి విరిగిపోతాయి. అందుకే నేను మట్టితోనే చేసినవాటితో మొదలుపెడతాను. దక్షిణాఫ్రికాలో లైడెన్‌బర్గ్ అనే ఊరి దగ్గర క్రీ.శ. 500 ప్రాంతానికి చెందిన ఏడు మట్టి తలలు దొరికాయి. 1950లలో వాటి పెంకులు మొదట కంటపడింది ఒక బడిపిల్లాడికి! ఈ మాట చెప్పగానే క్లాసంతా నిటారుగా కూర్చుంటుంది. ముక్కలు అతికించి నిలబెట్టిన ఆ తలలు ఇప్పుడు కేప్‌టౌన్‌లో ఇజికో మ్యూజియం దగ్గర ఉన్నాయి. ఏడింటిలో రెండు బాగా పెద్దవి, తలకు తొడుక్కోగలిగినంత. ఒకదానికి జంతువు మూతి ఉంటుంది. ఏదో వేడుకలో వాడి ఉంటారని పరిశోధకుల ఊహ.

వాటి మొహాల్ని దగ్గరగా చూపించండి. కళ్లు అచ్చం గవ్వల్లా ఉంటాయి: చిన్న మట్టి బిళ్ల అతికించి నడుమ చీలిక పెట్టినట్టు. ముక్కు, చెవులు, నోరు కూడా విడిగా చేసి అంటించినవే. మెడచుట్టూ గీతల వరసలు, అక్కడక్కడా మట్టి గుండ్లు. ఇవన్నీ ఐదేళ్ల పిల్లలకు చేతనయ్యే పనులే. గోలీ చేయడం, అదమడం, పుల్లతో గీయడం, అంతే. మాస్కంటే కంటిచోట చిల్లు ఉండాలనుకునే పిల్లలు ఈ గవ్వ కన్ను చూసి చాలా సంబరపడతారు.

ఇక పని. మట్టి కుమ్మరి దగ్గర పిసికి ఉంచినది అడిగి కొనండి, అదే మేలు. ఒక్కొక్కరికి ముప్పావు కిలో చాలు. తడిగుడ్డ కప్పి ఉంచాలి. బల్లమీద పాత నూలుగుడ్డ పరిచి, మట్టిముద్దకు అటూ ఇటూ ఒకే మందం ఉన్న రెండు చెక్కపట్టీలు పెట్టి, వాటిమీదుగా చపాతీ కర్రతో ఒత్తించండి. ఒక సెంటీమీటరుకు మించని మందంలో సమంగా వస్తుంది. దాన్ని కోడిగుడ్డు ఆకారంలో కోసి, నలిపి ఉండచేసిన న్యూస్‌పేపరు మీద పరిస్తే మొహానికి ఒంపు వస్తుంది. స్టీలు గిన్నె బోర్లించి దానిమీద వేయకండి. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది, గిన్నె లొంగదు, నుదుటిమీద నిలువునా పగులు వస్తుంది. కాగితం ఉండైతే మట్టితోపాటే తగ్గుతుంది.

ముక్కలు ఊడిపోవడం ఈ పాఠంలో పెద్ద బాధ. ఉత్త నీళ్లు రాసి అంటిస్తే ఆరాక ముక్కు కిందపడుతుంది, పిల్లలు ఏడుస్తారు. రెండువైపులా ఫోర్కుతో గీకి, మజ్జిగ కంటే చిక్కగా కలిపిన మట్టినీళ్లు పూసి, కొంచెం కదుపుతూ నొక్కాలి. "గీకు, పూయి, నొక్కు" అని పిల్లలచేత పాటలా అనిపిస్తాను, తర్వాత వాళ్లే ఒకరికొకరు గుర్తుచేసుకుంటారు.

ఏడెనిమిదేళ్ల వాళ్లకు గీతల పని ఇవ్వొచ్చు. బుర్కినా ఫాసోలో బ్వా జనం చెక్క మాస్కులమీద వేసే ఎరుపు, తెలుపు, నలుపు డిజైన్లు ఉత్త అలంకారం కాదు, వాటికి అర్థాలున్నాయి, దీక్ష తీసుకునే పిల్లలకు వాటిని నేర్పిస్తారు. నలుపు తెలుపు గళ్లు, పెద్దలు కూర్చునే నల్ల తోలుకూ కొత్తగా దీక్ష పొందినవాళ్లు కూర్చునే తెల్ల తోలుకూ గుర్తు. వంకరటింకర గీత పూర్వీకులు నడిచిన దారి. ఇది చెప్పి, "మీ మాస్కుమీద గీతకు మీరే ఒక అర్థం పెట్టండి" అంటాను. ఒక పిల్లాడు నుదుటినుంచి గడ్డందాకా గీత గీసి, మధ్యలో ఒకచోట చుక్క పెట్టి, అది వాళ్ల తాతగారింటికి వెళ్లే దారి అనీ, ఆ చుక్క బస్సు ఆగేచోటనీ చెప్పాడు. బ్వా గుర్తులు దించుకోవడం కంటే ఇలా సొంతంగా ఆలోచించడమే నాకు కావాలి. దీక్షల్లో వాడేవాటిని మక్కీకి మక్కీ చేయించడం నాకు నచ్చదు, అవి ఆ జనానికి పూజ్యమైనవి.

"దెయ్యం మొహం" అనే మాట క్లాసులో తప్పకుండా వినబడుతుంది. కసరకండి, అలాగని వదిలేయకండి. నైజీరియా, బెనిన్ దేశాల్లో యోరుబా వాళ్ల గెలెడే మాస్కుల ఆట తల్లులను, ముసలమ్మలను గౌరవించడానికే ఆడతారని చెప్పండి. పిల్లలు వెంటనే మాట మార్చుకుంటారు. శిబిరం చివరిరోజు ఆకుల లంగాలు కట్టించి, మొహానికి నల్లరంగు పూయించి గంతులు వేయిస్తామని ఎవరైనా ఉత్సాహపడితే గట్టిగా వద్దనండి. అది మనుషుల్ని వెక్కిరించడం, పిల్లలకు అదే గుర్తుండిపోతుంది. దాని బదులు ప్రతి మాస్కు కింద చీటీ పెట్టించండి: పాప పేరు, ఏ ఊరి ఏ పనితనం చూసి చేసిందో, గీతలకు తను పెట్టుకున్న అర్థం. మొహానికి కట్టుకోనివ్వకండి కూడా, మట్టి బరువు, అంచులు గీసుకుంటాయి.

మన ఎండల్లో మట్టి గబగబా ఆరడమే ప్రమాదం. ఫ్యాను గాలికి దూరంగా, నీడలో, పల్చటి గుడ్డ కప్పి కనీసం వారం ఉంచండి. ముక్కు లావుగా ఉంటే, మట్టి పచ్చిగా ఉండగానే వెనకనుంచి కొంచెం తొలిచేయండి. కాల్పించే ముందు మాస్కును మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఆ తడి కుండలు కాల్చే ఆవంలో ఆవిరై మాస్కును పేల్చేస్తుంది. తెలిసిన కుమ్మరి ఉంటే కుండలతోపాటు పెట్టమని అడగండి. కాల్చే వీలు లేకపోతే జాజు, సుద్ద, బొగ్గుపొడి విడివిడిగా ఫెవికాల్ నీళ్లలో కలిపి వేయించండి, ఎరుపు తెలుపు నలుపు మూడూ చక్కగా పడతాయి. బల్లలమీద ఎండిన మట్టిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ దుమ్ము పిల్లలు పీల్చడం మంచిది కాదు. గోడకు తగిలించే చిల్లులు రెండూ మట్టి పచ్చిగా ఉన్నప్పుడే, అంచునుంచి ఒక వేలెడు లోపలికి పెట్టించండి. ఆరాక పొడిస్తే అక్కడినుంచే పగులుతుంది.