పాప ఐఆర్ డిగ్రీకి ఇల్లు తాకట్టా? ముందు ఎమర్జెన్సీ ఫండ్ ఏదీ సార్?

గుంటూరు నుంచి ఒక నాన్నగారు రాశారు. వయసు 47, ప్రైవేట్ ఉద్యోగం, చేతికొచ్చేది 78 వేలు, చిట్టీ వాయిదాతో కలిపి ఇంటి ఖర్చు 45 వేలు. పాప ఇంటర్ హెచ్ఈసీ పూర్తిచేసింది, ఢిల్లీ దగ్గర ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్, అంటే దేశాల మధ్య సంబంధాల చదువు) బీఏ చేస్తా, తర్వాత ఐఎఫ్ఎస్‌కి, అంటే విదేశాంగ సర్వీసుకి రాస్తా అంటోంది. హాస్టల్‌తో కలిపి 4 ఏళ్లకి 32 లక్షలట. ఇంటి మీద 20 లక్షల లోన్, బావమరిదికి తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు, చిట్టీ పాడేస్తే ఒక 4 లక్షలు, ఉన్న ఎఫ్‌డీ 2 లక్షలు, ఇదీ ప్లాన్. అడిగింది మాత్రం ఒక్కటే, ఇంటి మీద లోన్‌కి ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ అని.

సార్, బ్యాంకు సంగతి తర్వాత. మీరు రాసినదాంట్లో ఎంత వెతికినా నాకు ఎమర్జెన్సీ ఫండ్, అంటే జీతం ఆగితే ఇల్లు నడపడానికి పక్కన పెట్టిన డబ్బు, కనపడలేదు, ఉన్న ఒక్క ఎఫ్‌డీని కూడా ఫీజులో కలిపేశారు. అడ్మిషన్ల టైమ్‌లో నాకొచ్చే ప్రశ్నల్లో సగం ఇలాగే ఉంటాయి కాబట్టే మీది తీసుకుని జవాబు రాస్తున్నా.

లెక్క చూడండి. 20 లక్షలు పదిన్నర శాతానికి 15 ఏళ్లంటే ఈఎంఐ దాదాపు 22 వేలు, ఎడ్యుకేషన్ లోన్‌లాగా చదువు అయ్యేదాకా ఆగరు, వచ్చే నెల నుంచే కట్టాలి. రెండు రూపాయల వడ్డీ అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ అది ఏడాదికి 24 శాతం, 6 లక్షలకి నెలకి 12 వేలు, 4 ఏళ్లలో 5 లక్షల 76 వేలు వడ్డీకే పోతుంది, అసలు మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. రెండూ కలిపి 34 వేలు. 78లో 34 తీసేస్తే 44, ఇంటి ఖర్చు 45. పాప సంక్రాంతికి ఇంటికొచ్చే రైలు టికెట్ కూడా అప్పే సార్! అసలు ఆ రెండు రూపాయల ఐడియా ఎవరిదో గానీ వాళ్లని కాసేపు పక్కన పెట్టండి.

ఇక ఐఆర్ విషయం. చదువు మంచిదే, పాపని వద్దనడం లేదు. కానీ ఇది డిగ్రీతో ఆగే చదువు కాదు. థింక్ ట్యాంకులైనా (ప్రభుత్వ విధానాల మీద అధ్యయనం చేసే సంస్థలు) రీసెర్చ్ ఉద్యోగాలైనా ఎక్కువగా ఎంఏ అడుగుతాయి. ఐఎఫ్ఎస్ అంటే సివిల్స్ రాయాల్సిందే, దానికి ఏ డిగ్రీ అయినా చాలు, విదేశాంగ సర్వీసులో పనిచేసిన జైశంకర్ గారు డిగ్రీలో చదివింది కెమిస్ట్రీ, ఐఆర్‌లో పీహెచ్‌డీ తర్వాత జేఎన్‌యూలో చేశారు. ఏటా ఐఎఫ్ఎస్‌కి వెళ్లేది కొన్ని పదుల మందే, జనరల్‌లో అయితే 32 ఏళ్లలోపు 6 అటెంప్ట్‌లు. అంటే బీఏ 4 ఏళ్లు, ఎంఏ ఏడాదో రెండేళ్లో, కోచింగు, అటెంప్ట్‌లు, అన్నీ కలిపి ఏడెనిమిదేళ్లు పాప చేతికి జీతం రాదనుకునే ప్లాన్ చెయ్యాలి, అప్పటికి మీకు 55. ఇంత పొడుగు పరుగులో మొదటి ల్యాప్‌కే ఇల్లు, చిట్టీ, ఎఫ్‌డీ అన్నీ ఖర్చుపెట్టేస్తే ఎంఏకి ఏం అమ్ముతారు?

2020లో నా క్లయింట్ ఒకాయనకి జీతం సగం కోసేశారు, కొడుకు అప్పుడు సెకండియర్. ఫీజు కోసం కాదు, ఇంట్లో సరుకుల కోసం గోల్డ్ లోన్ పెట్టారు. అప్పట్నుంచి ఈ విషయంలో నేను మొండిగా ఉంటా, ఇంట్లో వాళ్లు కూడా నవ్వుతారు.

మీకు కనీసం 9 నెలల ఖర్చు, అంటే 4 లక్షలు పక్కన ఉండాలి. ఎఫ్‌డీ 2 లక్షలు ముట్టుకోవద్దు, అదే మొదటి సగం. చిట్టీ ఇప్పుడు పాడొద్దు, లక్ష తగ్గించుకుని ఎత్తుకోవడం కూడా అప్పే, చివరిదాకా ఉంచి వచ్చింది ఈ ఫండ్‌లో వెయ్యండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే బీమా) గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు, లేదనుకుంటున్నా, అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందే కోటికి తీసుకోండి. ఆఫీసు హెల్త్ కవర్ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ కూడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు, ఇంకా వాయిదా వేయడానికి సాకు ఏముంది?

కాలేజీ సంగతి, పాప సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్) రాసి ఉంటే ఢిల్లీ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్ చూడండి, అందులో ఐఆర్ పేపర్లుంటాయి, చాలా కాలేజీల్లో ఫీజు ఏడాదికి వేలల్లోనే. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో బీఏలోనే ఐఆర్ ఉంది. ప్రైవేటే కావాలంటే ఎడ్యుకేషన్ లోన్‌కి వెళ్లండి, కేంద్రం పథకం పీఎం విద్యాలక్ష్మిలో 3 శాతం వడ్డీ రాయితీ మాత్రం 8 లక్షల లోపు ఆదాయం వాళ్లకే, మీకు రాదు. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ట్యాక్స్ మినహాయింపు పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటేనే.

ఇంతకీ బావమరిది తెలిసినాయనకి ప్రామిసరీ నోటు ఏమైనా రాసిచ్చేశారా? డబ్బు తీసుకోకముందే రాసిచ్చుంటే ఈ ఆదివారమే వెళ్లి ఆ కాగితం వెనక్కి తెచ్చుకోండి, జిరాక్స్ కాదు, ఒరిజినల్.