పాత స్కూటరు మీది స్టిక్కరును చిరగకుండా తీయడం ఎలా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి చేతక్ స్కూటరుకు మళ్ళీ రంగు వేయిస్తున్నావని, ముందు రేకు మీద ఉన్న డీలరు స్టిక్కరును మాత్రం చెక్కుచెదరకుండా తీసి దాచాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. 1972లో మొదలైన ఆ బండికి కంపెనీ పేరు, గుర్తు కొత్తగా అచ్చువేసి అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గాని, మన ఊరి పేరూ దాని కింద అయిదంకెల ఫోన్ నంబరూ ఉన్న ఆ బెత్తెడు ముక్క ఇక ఏ దుకాణంలోనూ దొరకదు. కాబట్టి తొందరపడకుండా ఒక పూట దీనికే కేటాయించు.

ఈ పనిలో నేనొకసారి దెబ్బతిన్నాను. నా పాత బండి స్టిక్కరు మీద థిన్నరులో తడిపిన గుడ్డ కప్పితే ఊడి వస్తుందని ఎవరో చెప్పగా నమ్మి అలాగే చేశాను. నిమిషం గడవకముందే అక్షరాలు గుడ్డకు అంటుకున్నాయి, అడుగున రంగు ముడతలు పడింది. థిన్నరుకు బంక ఏదో, సిరా ఏదో, పెయింటు ఏదో తేడా తెలియదు. అప్పటినుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే: స్టిక్కరును లాగకూడదు, దాని కింది బంకను కోయాలి.

ముందుగా అంచును గోటితో తడిమి చూడు. గోరు చిన్న మెట్టు ఎక్కినట్టు తగిలితే అది బంక ఉన్న స్టిక్కరే. మెట్టు తెలియకపోతే, పాత కుట్టుమిషన్ల మీది బంగారు పూల మాదిరిగా నీటితో దించి పైన వార్నిషు పూసిన అచ్చు కావచ్చు. దానికి విడిగా ఒళ్ళు ఉండదు కనుక అది ఊడి రాదు, ఫోటోతోనే సరిపెట్టుకోవాలి. స్టిక్కరు మీదుగా వార్నిషు పూసి ఉంటే, అంచు వెంట కొత్త బ్లేడుతో ఆ పొరను మాత్రం గీయి. తరువాత సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ట్రేసింగు కాగితం మీద దాని రూపాన్నీ, రేకు అంచుల నుంచి అది ఉన్న దూరాలనూ గుర్తు పెట్టుకో.

ప్లాస్టిక్‌కు మెత్తదనం ఇచ్చే నూనె వంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి పోతుంది. అందుకే పాత స్టిక్కరు అప్పడంలా పెళుసుగా తయారవుతుంది. చల్లగా ఉన్నప్పుడు ముట్టుకుంటే విరిగిపోతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరును జానెడు దూరంలో పట్టుకుని, రేకు మీద వేళ్ళ వెనుక భాగం ఆన్చితే రెండు మూడు క్షణాలు ఓర్చుకోగలిగేంత వేడి మాత్రమే పెట్టు. వర్క్‌షాపుల్లో ఉండే హీట్ గన్ పెడితే స్టిక్కరు ముడుచుకుపోతుంది. ఇప్పటికే బీటలు ఉన్నట్టయితే పైన పెయింటర్ల మాస్కింగ్ టేపు అంటించు. అయితే అంతకు ముందు ఆ టేపును చొక్కాకు రెండుసార్లు అద్ది జిగురు తగ్గించి, అక్షరాలు లేని మూల ఒకసారి పరీక్షించు.

ఇక అసలు పని. వెచ్చబడిన మూలను పాత ఏటీఎం కార్డు అంచుతో వెంట్రుకవాసి పైకి లేపి, దాని కిందికి గాలం వేసే సన్నని నైలాన్ దారాన్ని గానీ, పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్‌ను గానీ పోనిచ్చి, రెండు కొసలనూ రేకుకు ఆన్చి పట్టుకుని రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా ఆడించు. అంగుళం వెచ్చచేసి అంగుళమే కోయాలి. కోసిన మేరకు కింద స్టిక్కర్ల వెనుక వచ్చే మైనపు కాగితం వంటి ముక్కను తోస్తూ పో, లేకపోతే బంక మళ్ళీ అతుక్కుంటుంది. ఎక్కడైనా మొండికేస్తే, అక్కడ ఇయర్ బడ్‌తో ఒక చుక్క కిరోసిన్ తగిలించి కాసేపు ఆగు. అలా తగిలించే ముందే డ్రయ్యరు ప్లగ్గు తీసేయాలి, కిరోసిన్ తుడిచి పూర్తిగా ఆరేదాకా మళ్ళీ పెట్టకూడదు. ఈలోగా పెయింటరు వచ్చి, ఒక్క బ్లేడు ఇస్తే క్షణంలో తీసేస్తానంటాడు. ఇవ్వకు.

స్టిక్కరు వచ్చేశాక రేకు మీద మిగిలిన బంకను కిరోసిన్ గుడ్డతో తుడిస్తే, చుట్టూ వెలిసిపోయిన రంగు నడుమ ఒక దీర్ఘచతురస్రం మాత్రం ముదురుగా కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఎండ సోకని అసలు రంగుకు అదే దగ్గరి సాక్ష్యం. గీకుడు మొదలుపెట్టకముందే పెయింటు కలిపేవాడికి ఆ చోటు చూపించి షేడు కుదిర్చించుకో. పాత పెయింటులో సీసం ఉండవచ్చు కనుక ఉప్పుకాగితం నీళ్ళతో తడిపే రుద్దించు.

తీసినదాన్ని చుట్టవద్దు. బంక వైపు కిందికి వచ్చేలా ఆ మైనపు కాగితం మీదే పరిచి, టేపు అంటించి ఉంటే పూర్తిగా చల్లారాక నెమ్మదిగా తీసి, 600 డీపీఐలో స్కాను చేయించు. దాన్నే మళ్ళీ బండికి అంటించాలని నీకు ఉండవచ్చు గాని, ఎగుడుదిగుడుగా మిగిలిన పాత బంక నిలవదు, వానకూ ఎండకూ అది ఇక ఓర్వలేదు. అసలుదాన్ని అద్దం కట్టించి ఇంట్లో పెట్టి, స్కాను నుంచి అచ్చువేయించిన నకలును బండికి అంటించడమే మేలని నా అభిప్రాయం. కొత్త రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ఆవిరి వెళ్ళడానికి వారాలు పడుతుంది, తొందరపడితే నకలు కింద బుడగలు లేస్తాయి. కనీసం ఒక నెల ఆగు.

అంటించేటప్పుడు ట్రేసింగు కాగితంలోని దూరాలనే పాటించు. ఆనాడు షోరూములో కుర్రవాడు దాన్ని ఎడమవైపుకు కాస్త వాలుగా అంటించాడు; ఆ వాలును సరిచేయవద్దు.

ఇట్లు,
మీ మామయ్య